పది వేళ్లూ గుచ్చేలోపు

మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఏళ్ల తరబడి తిరుగుతున్నదే. ఎవరో చైనా ప్రొఫెసర్ చెప్పిన రహస్యమట. పక్షవాతం వచ్చిన మనిషిని కదిలించొద్దు, కదిలిస్తే మెదడులో సన్న నరాలు పగులుతాయి. సూదిని మంట మీద కాల్చి పది చేతివేళ్ల కొసల్లో గుచ్చి, ఒక్కో చుక్క రక్తం పిండాలి. మూతి వంకరపోతే చెవులు ఎర్రబడేదాకా లాగి, తమ్మెల నుంచి రెండేసి చుక్కలు తీయాలి. కొద్ది నిమిషాల్లో మనిషి లేచి కూర్చుంటాడు. అంతా మామూలయ్యాకే ఆసుపత్రికి తీసుకుపోవాలి. చివర ఎప్పటి మాటే: పది మందికి పంపండి, ఒక్క ప్రాణమైనా నిలుస్తుంది.

పంపినవాడు చెడ్డవాడేం కాదు. దుబాయ్‌లో పనిచేసే మా ఊరి పిల్లగాడు. దేవరకొండ దగ్గర పల్లెలో వాళ్లమ్మ ఒక్కతే ఉంటుంది. మెసేజ్ కింద వరసగా దండాల బొమ్మలు. నేను నల్లగొండలో ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చి, ఆసుపత్రి ఖర్చులన్నీ అయిపోయి, చెయ్యి లేవక కాలు ఈడ్చుకుంటూ వచ్చేవాళ్లే నా దగ్గరికి ఎక్కువ. అందుకే నేను దండం పెట్టలేదు. ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

“కదిలించొద్దు, మెదడులో నరాలు పగులుతాయి.”

ముందు దీని సంగతే తేల్చాలి. ఆ మెసేజ్‌లో మిగతాదంతా ఉత్త పనికిరాని ముచ్చట. ఈ ఒక్క వాక్యం మాత్రం మనిషి ప్రాణం మీదికి తెచ్చేది.

మనం నరాన్నీ నరమే అంటాం, రక్తనాళాన్నీ నరమే అంటాం. పగిలేది రక్తనాళం. అదీ అందరిలో పగలదు. పక్షవాతాల్లో నూటికి 80 నుంచి 85 దాకా రక్తం గడ్డ అడ్డుపడి వచ్చేవే. బోరు నుంచి మడికి పోయే పైపులో రాయి ఇరుక్కుంటే ఏమవుతుంది? పైపు పగలదు, అవతల మడి ఎండిపోతుంది. ఇదీ అంతే. మిగతా కేసుల్లో నాళం చిట్లి మెదడులో రక్తం కారుతుంది. అక్కడ చిట్లాల్సింది ముందే చిట్లింది. మంచం మీది నుంచి స్ట్రెచర్ మీదికి మార్చినంత మాత్రాన కొత్తగా పగిలేదేమీ ఉండదు. పైగా బీపీని అదుపులోకి తేవడానికి, అవసరమైతే ఆపరేషన్‌కు, ఆ మనిషికి ఆసుపత్రి ఇంకా తొందరగా కావాలి. ఏ రకం చూసినా ఇంట్లో ఆపి పెట్టుకోవడానికి కారణం దొరకదు.

ఇక సమయం లెక్క. మెదడులో పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని అంచనా. సూది వెతికి, పొయ్యి ముట్టించి, కాల్చి, పది వేళ్లూ గుచ్చి పిండి, “లేస్తడేమో” అని ఎదురుచూస్తే ఎంత లేదన్నా అరగంట. అరగంటకు 5 కోట్ల 70 లక్షల కణాలు.

గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. ఆల్టెప్లేజ్ అనే మందు మొదటి 3 గంటల్లో ఇస్తే పనిచేస్తుందని 1995లో అమెరికా పరీక్షల్లో తేలింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. ఇప్పుడు టెనెక్టెప్లేజ్ అనే మందు కూడా వాడుతున్నారు. గడ్డ మరీ పెద్దదైతే తొడ దగ్గరి నాళం నుంచి సన్నటి గొట్టం పంపించి గడ్డను బయటికి లాగేస్తారు. దానికి మామూలుగా 6 గంటలు, స్కానింగ్‌లో ఇంకా బతికించుకోదగ్గ మెదడు కనిపిస్తే కొందరికి 24 గంటల దాకా గడువు ఉంటుంది. ఏది చేయాలన్నా ముందు సీటీ స్కాన్ తీయాల్సిందే. అడ్డుపడిందా, చిట్లిందా అన్నది పైనుంచి చూసి ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేడు. చిట్లినవాడికి గడ్డ కరిగించే మందు ఎక్కిస్తే ప్రాణమే పోవచ్చు.

ఇప్పుడు మన రోడ్ల మీద ఈ గడువు పెట్టి చూడండి. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. రెండు గంటలు రోడ్డుకే పోతాయి. అచ్చంపేట, కొల్లాపూర్ లోపలి ఊళ్ల నుంచైతే ఇంకా ఎక్కువ. వెళ్లాక స్కాన్, పరీక్షలు, సంతకాలకు ఓ గంట వేసుకుందాం. నాలుగున్నర గంటల్లో మిగిలేది గంటన్నర. ఆ గంటన్నరనే సూది మింగేస్తుంది.

నేను చూసిన ఒకాయన సంగతి చెబుతాను. డిండి వైపు రైతు, యాభై దాటిన మనిషి. పొద్దున ఆరున్నరకు కుడి చెయ్యి పడిపోయింది, మూతి ఎడమకు లాగింది. రాత్రి తాగిన కల్లు దిగలేదనుకుని ఇంట్లోవాళ్లు ఒక గంట పడుకోబెట్టారు. తర్వాత ఎవరి ఫోన్‌లోనో ఈ మెసేజ్ దొరికింది. పది వేళ్లూ గుచ్చారు. ఆర్‌ఎంపీ వచ్చి బీపీ గోలీ వేసి సెలైన్ పెట్టాడు. సిటీలో స్కాన్ తీసేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఇంజెక్షన్ గడువు ఎప్పుడో దాటింది. నా దగ్గరికి వచ్చేనాటికి ఆయనకు మిగిలింది ఒకే ఒక్క మాట: “అయితది.” పేరు అడిగినా, నొప్పి ఉందా అని అడిగినా “అయితది” అనేవాడు. మాట పుట్టించే భాగం చాలామందికి ఎడమ మెదడులోనే ఉంటుంది, కుడి చెయ్యి కాలు నడిపించేది కూడా అదే. అందుకే రెండూ కలిసి పోయాయి.

ఆయన భార్య అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేదు. “గుచ్చినప్పుడు వేలు ఎనక్కి గుంజిండు సారూ, పానం వస్తుందనే అనుకున్నం.” సూది గుచ్చితే వేలు వెనక్కి లాక్కోవడం వెన్నుపాము చేసే పని. మెదడు దెబ్బతిన్నా అది జరుగుతుంది. ఆ చిన్న కదలికను చూసి ఇంట్లోవాళ్లు ఇంకో రెండు గంటలు ఆగారు.

“పది వేళ్ల నుంచి రక్తం తీస్తే మెదడులో గడ్డ పోతుంది.”

మెదడుకు రక్తం మెడలోంచి నాలుగు నాళాల ద్వారా పోతుంది, ముందు రెండు, వెనక రెండు. వేళ్ల దారి వేరు, అది భుజం మీదుగా చేతిలోకి దిగుతుంది. వేలికొసలో చుక్క తీస్తే తలలో గడ్డ కదలడానికి మధ్యలో దారే లేదు. పది వేళ్ల నుంచి పది చుక్కలు కలిపినా ఒక్క మిల్లీలీటరు నిండదు. ఒంట్లో ఉండేది దాదాపు ఐదు లీటర్లు. రక్తదానంలో ఒకేసారి 350 మిల్లీలీటర్లు తీస్తారు, దానికే గడ్డ కరగదు.

ఇంకో సంగతి. షుగర్ ఉన్నవాళ్లు మిషన్‌తో చూసుకోవడానికి ఏడాదంతా వేళ్లు గుచ్చుకుంటూనే ఉంటారు. సూదిపోటుకు ఆ మహిమే ఉంటే షుగర్ వాళ్లకు పక్షవాతం రాకూడదు. కానీ వాళ్లకే మిగతావాళ్లకంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువ వస్తుంది.

నిజానికి ఆ సమయంలో వేలికి సూది గుచ్చడానికి న్యాయమైన కారణం ఒకటే ఉంది: షుగర్ చూడటం. ఇన్సులిన్, షుగర్ గోలీలు వాడేవాళ్లకు చక్కెర బాగా పడిపోతే అచ్చం పక్షవాతంలాగే మాట తడబడుతుంది, చెయ్యి వాలుతుంది. 108 వాళ్లు వచ్చాక చేసే మొదటి పనుల్లో అదొకటి. దానికి ఒక్క వేలు చాలు.

“మూతి వంకరపోతే చెవులు లాగి, తమ్మెలు గుచ్చాలి.”

దీని మీద ఎక్కువ మాటలు దండగ. మూతిని లాగేది చెవి కాదు. అయితే ఈ నమ్మకం ఎక్కడి నుంచి బలపడిందో మాత్రం చెప్పొచ్చు. చేతులు కాళ్లు బాగానే ఉండి ఒక వైపు ముఖం మాత్రమే వాలే జబ్బు ఇంకొకటి ఉంది, బెల్స్ పాల్సీ అంటారు. చెవి వెనక ఎముకలోంచి వచ్చే ముఖ నరం ఉబ్బడం వల్ల వస్తుంది. మందు లేకపోయినా నూటికి 70 మంది దాకా పూర్తిగా బాగుపడతారు, మొదటి మూడు రోజుల్లో డాక్టరు ఇచ్చే గోలీలు మొదలుపెడితే ఇంకా మంచిది. అలా దానంతట అది తగ్గిన మూతి పుణ్యమంతా పసరుకో, పావురం రక్తానికో, ఇప్పుడు ఈ సూదికో పోతుంది. ఇది ఏ జబ్బో ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. మూతి వంకర కనిపిస్తే పక్షవాతమనే అనుకుని బయల్దేరండి. కాదని తేలితే సంతోషంగా తిరిగి రావచ్చు.

“మా మామకు గుచ్చితే పది నిమిషాల్లో లేచిండు, నేనే చూసిన.”

గ్రూపులో ఒకరు ఇలా రాశారు. ఆయన అబద్ధం చెప్పలేదని నా నమ్మకం. గడ్డ కాసేపు అడ్డుపడి, దానంతట అదే చెదిరిపోతే చెయ్యి, మాట నిమిషాల్లో తిరిగి వస్తాయి. దీన్ని మినీ స్ట్రోక్ అంటున్నారు. అప్పుడు సూది గుచ్చినా లేచేవాడే, గుచ్చకున్నా లేచేవాడే. ప్రమాదం ఆ తర్వాత ఉంది. ఇలా వచ్చి పోయినవాళ్లలో కొందరికి మూడు నెలల్లోపు పెద్ద స్ట్రోక్ వస్తుంది, అలా వచ్చేవాటిలో సగం దాకా మొదటి రెండు రోజుల్లోనే. అంటే లేచి కూర్చున్న మామను అదే పూట ఆసుపత్రికి తీసుకుపోవాలి. “మామూలయ్యాకే తీసుకుపోండి” అంటుంది మెసేజ్. మామూలైన మనిషిని ఎవరు తీసుకుపోతారు? ఛాయ తాగి చేనుకు పోతాడు.

“చైనా ప్రొఫెసర్ చెప్పిండు.”

వేలికొసల దగ్గర గుచ్చి రక్తం తీసే పద్ధతి చైనా పాత వైద్యంలో ఉన్నమాట నిజమే. కానీ ఆ చైనాలోనే ఇప్పుడు జనానికి పక్షవాతం గురించి నేర్పుతున్నది 1-2-0 అనే గుర్తు. ఒకటి అంటే ముఖం చూడు, రెండు అంటే రెండు చేతులూ ఎత్తించు, సున్నా అంటే మాట విను. 120 అన్నది అక్కడి అంబులెన్స్ నంబరు. మనకు 108 ఎలాగో వాళ్లకు అది అలా. సూది తీయమని కాదు, ఫోన్ తీయమని చెబుతున్నారు.

మనకూ ఆ మూడు గుర్తులే. నవ్వమంటే మూతి ఒక వైపే కదులుతుందా? రెండు చేతులూ చాపమంటే ఒకటి జారిపోతుందా? మాట ముద్దగా వస్తుందా? మాట కోసం నేను మావాళ్లతో “పాలమూరు పిల్లలమర్రి” అనిపిస్తాను. నల్లగొండ వాళ్లయితే “లతీఫ్ సాబ్ గుట్ట” అనొచ్చు. నాలుక మొద్దుబారితే ఆ ‘ల’లూ ‘ర’లూ పలకవు. వీటికి తోడు ఉన్నట్టుండి తూలిపోవడం, ఒక కన్ను మసకబారడం కూడా లెక్కలోకే వస్తాయి. “ఉన్నట్టుండి” అన్న మాట పట్టుకోండి. మర్రిగూడ, మునుగోడు వైపు కాలు పట్టేస్తే ఫ్లోరైడే అనుకునే అలవాటు ఉంది. ఫ్లోరైడ్ మనిషిని ఏళ్లకేళ్లు వంచుతుంది, ఒక్క పూటలో చెయ్యి పడేయదు. కల్లు సంగతీ అంతే. తాగినవాడు రెండు వైపులా తూలుతాడు. ఒక్క వైపే వాలుతున్నాడంటే అది కల్లు కాదు.

ఒక్క గుర్తు కనిపించినా 108కి ఫోన్ చేయండి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నీళ్లు, ఛాయ, నిమ్మరసం ఏవీ పోయొద్దు, గొంతు పనిచేయక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుండెపోటుకని దాచుకున్న ఆస్పిరిన్ వేయొద్దు, చిట్లిన రకమైతే ఇంకా కారుతుంది. బీపీ ఎక్కువుందని నాలుక కింద గోలీ పెట్టొద్దు. గడ్డ అడ్డుపడ్డప్పుడు అవతలికి రక్తం నెట్టడానికి ఒళ్లే బీపీ పెంచుకుంటుంది. ఇంజెక్షన్ ఇచ్చే ముందు 185/110 కంటే కిందికి తెస్తారు, అదీ ఆసుపత్రిలో, కొద్దికొద్దిగా. అంబులెన్స్ ఆలస్యమైతే కారులో తీసుకుపోండి, బండి మీద ఇద్దరి మధ్య ఇరికించుకుని మాత్రం వద్దు. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో చూసినవాళ్లను అడిగి రాసిపెట్టుకోండి. నిద్రలో వచ్చి ఉంటే పడుకున్న టైం చెప్పాలి. డాక్టరు మొదట అడిగేది అదే.

ఇంకొకటి, ఇది ఇవ్వాళే చేయాల్సిన పని. దగ్గరి ఆసుపత్రి అంటే బోర్డు దగ్గరున్నది కాదు, సీటీ స్కాన్ రాత్రి కూడా నడిచేది, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేది. మీ ఊరికి అలాంటిది ఏదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. స్కాన్ లేని చోట ఒక గంట, పని చేయని చోట ఇంకో గంట పోగొట్టుకుని వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇదంతా గ్రూపులో పెట్టిన రాత్రి దుబాయ్ పిల్లగాడు ఫోన్ చేశాడు. తిడతాడేమో అనుకున్నా. “అన్నా, అదంతా సరే. మా అమ్మ ఒక్కతే ఉంటది గదా. ఆమె నవ్వింది, చెయ్యి ఎత్తింది ఎవలు సూస్తరు?” అన్నాడు. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. మా వైపు ఇళ్లల్లో సగానికి సగం ఇదే పరిస్థితి, పిల్లలు బొంబాయిలోనో గల్ఫ్‌లోనో, తల్లిదండ్రులు ఇక్కడ. రోజూ సాయంత్రం వీడియో కాల్ చెయ్యమన్నాను. అక్కడి నుంచి 108 కలవదు కాబట్టి పక్కింటివాళ్ల నంబరు, ఆశా వర్కర్ నంబరు దగ్గర పెట్టుకోమన్నాను. బీపీ గోలీ వేసుకుందో లేదో కాల్‌లోనే అడగమన్నాను.

నిన్న మళ్లీ చేశాడు. వాళ్లమ్మతో “పాలమూరు పిల్లలమర్రి” అని మూడుసార్లు అనిపించాడట. మూడోసారికి ఆమె, “గీ వయసుల నాతోని ఏం సదువు సదివిస్తున్నవ్‌రా” అని తిట్టి ఫోన్ పెట్టేసిందట.