ఎడిట్ చేసేవాళ్లు ఇంతమంది, చూసేవాళ్లు ఎక్కడ?

మా స్టూడియో తిరుపతిలో లీలామహల్ సర్కిల్‌కు దగ్గర్లో ఉంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. మొన్న వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు పుత్తూరు నుంచి వచ్చి, నా పక్కకు కుర్చీ లాక్కుని, ఫోన్ చేతిలో పెట్టి "ఒకసారి చూడు మామా" అన్నాడు. నాలుగు నిమిషాల వీడియో. యానిమే అనే జపాన్ బొమ్మల సీరియల్ ఒకదానిలోని అన్నాచెల్లెళ్ల కథను మన పాత తెలుగు సినిమా పాటకు కూర్చాడు. పల్లవి అయిపోయి వేణువు మొదలయ్యే చోట చెల్లెలు గడప దాటి వెనక్కి తిరుగుతుంది. ఆమె ముఖం మనకు కనిపించే లోపే కట్ చేసి అన్న చేతులు చూపించాడు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఆ కట్ నాకు తట్టేది కాదు.

"ఎంతమంది చూసినారు రా?" అన్నాను.

"అరవై మంది మామా. ఒక్కరు కూడా ఏమీ అనలేదు."

మూడు వారాలు నిద్ర మానుకుని చేశాడట. ఆ తర్వాత వాడు అడిగింది ఈ పిల్లలందరూ అడిగేదే: వ్యూస్ రావాలంటే ఏం చేయాలి? చంద్రగిరి, రేణిగుంట, పాకాల నుంచి మా స్టూడియోకు పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు కూడా ఇదే అడుగుతారు. వాడికి అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే, ప్రశ్నలోనే తేడా ఉందనిపించింది. ఇలా అభిమానులు తమకిష్టమైన సీన్లను పాటకు కూర్చే ఫ్యాన్ వీడియోను అందరూ చూడలేరు. చూడగలిగేవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమందిని తయారు చేసుకునే అలవాటు మన తెలుగు అభిమానుల్లో ఇంకా రాలేదు. అసలు కొరత అక్కడుంది.

చిత్తూరు వైపు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది. చాలా ఊళ్లలో 18 రోజులు. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, చివర్లో మట్టితో పడుకోబెట్టిన దుర్యోధనుడి మీదికి భీముడు గద ఎత్తుకుని వస్తాడు. ఇందులో ఎవరికీ తెలియని ముక్క ఒక్కటీ లేదు. అయినా మా అమ్మమ్మ లాంటి వాళ్లు చాప, దుప్పటి తెచ్చుకుని తెల్లారేదాకా కూర్చునేవాళ్లు. మరుసటి రోజు బావి దగ్గర మాటలన్నీ పోయినేడు ద్రౌపది వేషం కట్టినాయన ఎట్ట పాడినాడు, ఈసారాయన ఎక్కడ రాగం తీసినాడు అన్న దాని మీదే. కథ తెలిసినవాళ్లు కాబట్టే ఆ తేడా పట్టుకోగలిగారు. దారిన పోయే కొత్త మనిషి వచ్చి నిలబడితే అతనికి కనిపించేది రంగులు, చప్పుడు మాత్రమే.

ఫ్యాన్ వీడియో కూడా అలాంటిదే. ఎడిటర్ కొత్త కథ చెప్పడు. తెలిసిన సీన్లను తెలిసిన పాట పక్కన పెట్టి, ఇంతకుముందు లేని అర్థం పుట్టిస్తాడు. మా వాడు చెల్లెలి ముఖం ఎందుకు చూపించలేదో తెలియాలంటే, అసలు సీరియల్‌లో ఆ ముఖం మీద కెమెరా ఎంతసేపు నిలబడిందో చూసేవాడికి గుర్తుండాలి. పాట తెలుగుది కాబట్టి సాహిత్యం కూడా అర్థం కావాలి. ఆ యానిమే తెలిసినవాళ్లు, ఆ పాత పాట తెలిసినవాళ్లు, ఈ రెండు గుంపులూ కలిసే చోట ఎంతమంది ఉంటారు? వేలల్లో ఉండరు. వందమంది ఉంటే గొప్ప. కానీ ఆ వందమందికి ఈ వీడియో తమ కోసమే చేసినట్టు ఉంటుంది. రీల్స్ తోసుకుంటూ పోయే లక్షమందికి అది వేలికింద జారిపోయే ఇంకో బొమ్మ.

ఈ కళ పుట్టిన చోట చూసేవాళ్ల కొరత లేదు. 1975లో అమెరికాలో క్యాండీ ఫాంగ్ అనే అభిమాని స్టార్ ట్రెక్ సీరియల్ బొమ్మలను స్లైడ్ ప్రొజెక్టర్ మీద మారుస్తూ, పక్కన టేపులో పాట వినిపించింది. టీవీ సీన్లను పాటకు కూర్చే ఫ్యాన్ వీడియోలకు అదే మొదలని చెబుతారు. 1982లో జిమ్ కపోస్టాస్ అనే యువకుడు రెండు వీసీఆర్‌లు కలిపి, ఒక జపాన్ యానిమేషన్ సీరియల్‌లోని భయంకరమైన యుద్ధపు సీన్లను బీటిల్స్ ప్రేమ పాటకు అతికించాడు. తొలి యానిమే మ్యూజిక్ వీడియోగా దాన్నే చెప్పుకుంటారు. పాట ఒకవైపు, బొమ్మ ఒకవైపు లాగుతుంటేనే అందులో మజా. పాట విన్నవాళ్లకు, సీరియల్ చూసినవాళ్లకు కానీ అది అందదు. అలాంటి వీడియోలను అభిమానుల సభల్లో హాల్లో కూర్చుని చూశారు, తర్వాత్తర్వాత పోటీలు పెట్టుకున్నారు. 2000లో యానిమే మ్యూజిక్ వీడియోల కోసమే ఒక వెబ్‌సైట్ వచ్చింది. అందులో సభ్యులు ఒకరి పనికి ఒకరు మార్కులేసి, వివరంగా అభిప్రాయం రాసేవాళ్లు. చేయడానికి చచ్చేంత కష్టం, చేసినది చూపించడానికి మాత్రం ఒక గది, అందులో తెలిసిన మనుషులు.

ఇప్పుడు చేయడం తేలికైంది. సీన్లు ముందే కోసి పెట్టిన సీన్ ప్యాక్‌లు దొరుకుతాయి, బొమ్మ మీద బొమ్మ పేర్చే లేయర్లు, వేగం పెంచి తగ్గించే వెలాసిటీ, రంగులు దిద్దే సీసీ అన్నీ ఫోన్‌లోనే చేసేయొచ్చు. ఆ గది మాత్రం పోయింది. మన దగ్గర ఆ మార్పు ఇంకా వేగంగా జరిగింది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో పాటు మొత్తం 59 యాప్‌లను నిషేధించింది. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది, సెప్టెంబర్‌లో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ప్రపంచంలో మొదటిసారి మన దేశంలోనే పరీక్షకు పెట్టింది. నాలుగు నిమిషాల పాటకు పల్లవి, చరణం, ఇంటర్లూడ్ అన్నీ కూర్చే పిల్లలు బీజీఎంలో పదిహేను సెకన్లు కోసుకుని పని ముగించడం నేర్చుకున్నారు. పోనీ అక్కడ వచ్చే అంకెలైనా నమ్మొచ్చా అంటే, 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైనా, మళ్లీ తిరిగినా వ్యూ కిందే లెక్క. ఇంత సేపు చూడాలన్న నియమం లేదు. అంటే వేలు ఆగని మనిషి కూడా మీ అంకెలో ఉంటాడు. ఆ అంకె చూసుకుని ఒకడు పొంగిపోతున్నాడు, ఇంకొకడు టెన్షన్‌తో రాత్రంతా ఫోన్ రిఫ్రెష్ చేస్తున్నాడు. రెండూ చూశాను.

తెలుగులో ఒక చోట మాత్రం చూసేవాళ్లు సిద్ధంగా ఉంటారు. అది హీరోల అభిమానం. తిరుపతికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియంలో ప్రీ రిలీజ్ ఈవెంట్ అంటే అలిపిరి రోడ్డు ఎలా ఉంటుందో చూసినవాళ్లమే. హీరో పుట్టినరోజుకు నెల ముందే అభిమానులంతా పెట్టుకునే కామన్ డీపీ, ట్రెండ్ చేసే ట్యాగ్, సినిమాల సీన్లు కలిపే మ్యాషప్ ఎవరు చేయాలన్న మాటలు మొదలవుతాయి. మంచి ఎడిటర్ దొరికితే పెద్ద ఫ్యాన్ పేజీలన్నీ ఒకే నిమిషంలో అతని వీడియో వదులుతాయి. ఒక్క రాత్రిలో లక్షలు. ఆ ఊపు, ఆ ఐకమత్యం నాకు నిజంగా ఇష్టం. ఇంజనీరింగ్ చదివే కుర్రాడి పనిని ఊరూరా వాట్సాప్ స్టేటస్ పెట్టుకోవడం చిన్న విషయం కాదు.

అయితే అక్కడ చెల్లేది ఒకే రసం, ఎలివేషన్. నడక, చూపు, కాలర్, పేలుడు, బీట్. అదే హీరో ఓడిపోయిన సినిమాలోంచి, తండ్రి ముందు తల దించుకున్న సీన్లు ఏరి ఒక నిదానమైన పాటకు కూరిస్తే ఏ పేజీ తీసుకోదు. తల్లి పాత్రల మీద వీడియో చేసిన అమ్మాయిని నేను ఎరుగుదును. ఒకే నటి వేరువేరు సినిమాల్లో ఎదురుచూసే షాట్లన్నీ వరసగా పేర్చింది. గడప దగ్గర, కిటికీ దగ్గర, బస్టాప్‌లో, ఆసుపత్రి వరండాలో. చూస్తుంటే గొంతు పట్టేసింది. పంపిన ప్రతి గ్రూపులోనూ "మన హీరో షాట్లు రెండు వేసి ఉంటే షేర్ చేసేవాళ్లం" అన్నారట. ఆ తర్వాత ఆమె మళ్లీ ఏదీ చేయలేదు. ఇదే నా బాధ. మన ఫ్యాన్ గ్రూపులు వీడియోలను మోస్తున్నాయి, చూడటం లేదు. మోసేవాళ్లకు కావాల్సింది జెండా. చూసేవాళ్లు ఉంటేనే ఒక ఎడిటర్ రెండో వీడియోలో కొత్త సాహసం చేయగలడు.

కాపీరైట్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దానికీ చూసేవాళ్లకూ సంబంధం ఉంది. పాట ఒకరిది, బొమ్మ ఇంకొకరిది. యూట్యూబ్‌లో హక్కులున్న పాటలను తనంతట తానే గుర్తుపట్టే కంటెంట్ ఐడీ పాటను పట్టుకుంటే సాధారణంగా వచ్చేది క్లెయిమ్, అంటే ఇది మాదని హక్కుదారు చెప్పడం. హక్కుదారు ఆదాయం తీసుకోవచ్చు, వీడియోను ఆపేయొచ్చు, ఊరికే లెక్కలు చూసుకోవచ్చు. స్ట్రైక్ వేరు, అది ఛానల్ మీద పడే హెచ్చరిక. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానల్ పోయే ప్రమాదం ఉంది. వీడియో కింద "కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు" అని రాసుకుంటే రక్షణ వస్తుందన్నది ఉత్త నమ్మకం. అనుమతి లేకుండా కొంత వాడుకోనిచ్చే అమెరికా చట్టంలోని ఫెయిర్ యూజ్ అంత విశాలమైనది మన దగ్గర లేదు. మన 1957 చట్టంలోని 52వ సెక్షన్ సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్తల లాంటి కొన్ని పనులకే వెసులుబాటు ఇస్తుంది. డబ్బు మీద ఆశ ఉంటే అది ఈ పనిలో వెతుక్కోవద్దని పిల్లలకు ముందే చెప్పేస్తాను.

చాలా ఏళ్ల కిందట నేనూ ఒక సైట్‌లో ఇలాంటి వీడియోలు పెట్టుకున్నాను. ఒక రోజు ఛానల్ మొత్తం పోయింది. తప్పు నాదే, అనుమతి లేకుండా పాటలు వాడాను. వీడియోలు నా హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి, వాటి గురించి నాకు దిగులు లేదు. వాటి కింద రాసిన మనుషులు పోయారు. వాళ్లెవరో, ఏ ఊరో, మళ్లీ ఎలా కలవాలో నాకు తెలియదు. చూసేవాళ్లను ఛానల్ దగ్గరే వదిలేస్తే ఛానల్‌తో పాటే పోతారు. మనుషులుగా పరిచయమై ఉంటే ఎక్కడికైనా వస్తారు.

అందుకే మా వాడికి తర్వాత ఫోన్ చేసి, నెల రోజులు నీ లింకు ఎక్కడా పెట్టొద్దన్నాను. ముందు ఇతరుల వీడియోలు చూడమన్నాను. "సూపర్ బ్రో", మూడు నిప్పు బొమ్మలు పెట్టడం చూసినట్టు కాదు. రెండో నిమిషంలో నువ్వు రంగు ఎందుకు తీసేశావు, చరణం చివర డోలు వచ్చేచోట కట్ వేయకుండా ఎందుకు ఆగావు అని అడగాలి. అలా అడిగినవాడి పేరు ఏ ఎడిటరూ మర్చిపోడు. తన పనిని ఫ్రేము ఫ్రేముగా చూసిన మనిషి రేపు వీడియో పెడితే ఆ ఎడిటర్ తప్పకుండా వెళ్లి చూస్తాడు. "నా ఛానల్‌కు సబ్‌స్క్రయిబ్ చెయ్, నీ దానికి నేను చేస్తా" అనే బేరంతో వచ్చినవాళ్లు మాత్రం రెండో వీడియోకే ఉండరు.

గ్రూపులో లింకు పడేసి పోవడం అంటే పెళ్లికి వెళ్లి కానుక కవరు విసిరేసి భోజనానికి కూడా కూర్చోకుండా వచ్చేయడం లాంటిది. అడ్మిన్‌ను ముందు అడగాలి. ఆ సీన్లు ఎందుకు ఎంచుకున్నావో రెండు వాక్యాలు రాయాలి. కథలో ముఖ్యమైన మలుపు బయటపడేలా ఉంటే ముందే చెప్పాలి. సినిమా విడుదల రోజు వందమంది వీడియోలు వదులుతారు, ఆ తోపులాటలో నీది ఎవరికీ కనపడదు. నెల తర్వాత, ఆ పాత్ర మీద ఇంకా మనసు పోని నలుగురు వెతుక్కునే రోజుల్లో వదిలితే వాళ్లు పట్టుకుంటారు. వాళ్లు వెతికేది పేరుతోనే కాబట్టి పాత్ర పేరు, సిరీస్ పేరు, పాట పల్లవి తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయాలి. పాట రాసినవాళ్లకు, పాడినవాళ్లకు క్రెడిట్ ఇవ్వాలి. సీన్ ప్యాక్ ఎవరి దగ్గర తీసుకున్నావో వాళ్ల పేరూ ఉండాలి. వాటర్‌మార్క్ ఉన్న మసక క్లిప్పులు చూసేవాడిని మొదటి మూడు సెకన్లలోనే పోగొడతాయి.

వాడు ఇవన్నీ చేశాడని చెప్పను. కొన్ని చేశాడు. ముప్పై మంది ఉన్న ఒక చిన్న తెలుగు యానిమే గ్రూపులో చేరి, అక్కడి వీడియోల గురించి రాయడం మొదలుపెట్టాడు. జూలైలో వాడే ఫోన్ చేసి, "మామా, మా గ్రూపులో తిరుపతోళ్లు పది మందికి పైనే ఉండారు, నీ స్టూడియోలో ప్రొజెక్టర్ ఉంది కదా" అన్నాడు. ఆషాఢం, ముహూర్తాలు లేవు, స్టూడియో ఖాళీ. ఆదివారం రమ్మన్నాను.

పద్నాలుగు మంది వచ్చారు. చెప్పులు బయట విడిచి, బ్యాక్‌డ్రాప్ గుడ్డలు మడిచి పరుచుకుని నేల మీద కూర్చున్నారు. ఒక్కొక్కరిదీ వరసగా వేశాం. మా వాడి వీడియో ఆరోది. అయిపోయాక మహిళా యూనివర్సిటీలో చదివే ఒక అమ్మాయి "ఆ వేణువు దగ్గర వెనక్కి పెట్టండన్నా" అంది. వెనక్కి పెట్టాను. మళ్లీ పెట్టమంది. "ముఖం ఎందుకు చూపీలేదు?" అని వాడిని అడిగింది. వాడు లేచి స్క్రీన్ దగ్గరికి వెళ్లి, ప్రొజెక్టర్ వెలుగు మొహాన పడుతుంటే చేత్తో అడ్డం పెట్టుకుని, చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకా ఎనిమిది వీడియోలు మిగిలి ఉన్నాయి. ఎవరూ తొందరపెట్టలేదు.