పాలమూరు కూలీకి సోమరిపోతు సర్టిఫికెట్

మళ్ళీ అదే మెసేజ్. మొన్న పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, నిన్న చుట్టాల గ్రూపులో, ఇవ్వాళ వనపర్తిలో ఎరువుల షాపు నడిపే దోస్తు నాకే విడిగా పంపి "చదువు, కళ్ళు తెరుచుకుంటాయి" అని కింద రాశాడు. తెరుచుకున్నాయి. మెసేజ్‌లో ఉన్నది ఇదీ: బియ్యం ఫ్రీ, బస్సు ఫ్రీ, పింఛన్ ఫ్రీ, ఏడాదికి వంద రోజులు చెట్టు కింద కూర్చుంటే కూలి, అందుకే జనం సోమరిపోతులయ్యారు, పొలాలకు కూలీలు దొరకడం లేదు, ప్రభుత్వ లెక్కల్లోనే నిరుద్యోగం 3.2 శాతం, అంటే పని లేనివాడు లేడు, చేయనివాడే ఉన్నాడు. ఇదంతా మన టాక్సుల డబ్బు. కాబట్టి ఉచితాలు తీసుకునేవాళ్ళ ఓటు హక్కు తీసెయ్యాలి. చివర రెండు జెండాలు, మూడు దండాలు.

చిన్నవి ముందు వదిలించుకుందాం. ఫ్రీ బస్సులో ఆడవాళ్ళు ఊరికే తిరుగుతున్నారట. తిరగనీ, నీకేం పోయింది? టాక్సు మనమే కడుతున్నామట. సబ్బు మీద, చెప్పుల మీద, ఫోన్ రీచార్జి మీద జీఎస్టీ వేసేటప్పుడు షాపువాడు రేషన్ కార్డు చూసి మినహాయిస్తున్నాడా? పింఛన్ డబ్బంతా తాగుడికేనట. ముసలామెకు నెలకు వచ్చేది 2,016 రూపాయలు, బీపీ గోళీలు, షుగర్ గోళీలు కొనగా మిగిలిన దాంతో ఏం తాగుతుందో నాకైతే తెలియదు. తాగేవాళ్ళు ఉన్నారు, కాదనను, ఆ డబ్బు బెల్టు షాపు మీదుగా తిరిగి ఖజానాకే చేరుతోంది కాబట్టి ప్రభుత్వానికి పెద్దగా నష్టమేమీ లేదు.

బియ్యం దగ్గరికి వద్దాం. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది, మనిషికి నెలకు 6 కిలోలు. ఇంట్లో నలుగురుంటే 24. అంటే రోజుకు 800 గ్రాములు, నలుగురికీ కలిపి. పొద్దంతా తట్ట మోసినవాడు ఒక్కడే అరకిలో బియ్యం తింటాడు. మిగతా బియ్యం, నూనె, పప్పు, గ్యాస్ బండ, మహిళా సంఘం కిస్తీ, పిల్లల ఫీజు... ఇవన్నీ మంచం మీద పడుకుంటే వస్తాయా? దొడ్డుబియ్యం ఇచ్చిన రోజుల్లో చాలామంది అమ్ముకున్నారన్నది నిజమే, ఆటోలు ఊరూరా తిరిగి కొన్నాయి. తినలేనిది అమ్మి తినేది కొనుక్కున్నారు.

ఒకసారి రేషన్ షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. కూలి పని చేసే ఆడవాళ్ళు మిషన్ మీద వేలు పెడితే అది గుర్తుపట్టదు. డీలర్ కొంగుతో తుడుచుకోమంటాడు, చూపుడు వేలు కాకపోతే మధ్య వేలు, అదీ కాకపోతే బొటనవేలు, వెనక లైన్లో వాళ్ళు గొణుగుతుంటారు. ఇటుక బట్టీలో, పత్తి చేనులో అరిగిన వేళ్ళు అవి. సోమరితనం వల్ల వేలిముద్రలు అరిగిపోవడం వైద్యశాస్త్రంలో కొత్త సంగతి, మెసేజ్ రాసినాయన దీని మీద పీహెచ్‌డీ చేయొచ్చు.

ఇక వంద రోజుల పని, అదే ఉపాధి హామీ. అవును, చెట్టు కింద కూర్చుంటారు! మే నెలలో పదకొండు గంటలకు మహబూబ్‌నగర్ ఎండలో గడ్డపార పట్టుకుని పది నిమిషాలు తవ్వి చూపిస్తే మెసేజ్ రాసినాయనకు కూడా చెట్టు విలువ తెలుస్తుంది. కూలి కొలతను బట్టి పడుతుంది. 2025-26లో మన తెలంగాణలో రోజు రేటు 307 రూపాయలు, కానీ నేల గట్టిగా ఉండి కందకం లోతు రాకపోతే అంత పడదు. ఎక్కువసేపు కూర్చుంటే తగ్గేది వాళ్ళ కూలే. పైగా ఆ వంద రోజులు మనిషికి కాదు, ఇంటికి. పూర్తి రేటుతో వంద రోజులూ దొరికాయనుకున్నా 30,700 రూపాయలు, ఏడాది మీద పంచితే ఇల్లంతటికీ రోజుకు 84. దీనికి సోమరులయ్యారట. దొంగ మస్టర్లు, అంటే పనికి రానివాళ్ళ పేర హాజరు, లేవా అంటే ఉన్నాయి, సోషల్ ఆడిట్లలో బయటపడుతూనే ఉన్నాయి, వాటి మీద కేకలేయండి, నేనూ వస్తా.

కూలీలు దొరకడం లేదన్న మాట మాత్రం అబద్ధం కాదు. రెండెకరాలు కౌలుకు చేసేవాడికి నాట్ల వారం నరకమే, గుత్త ఎంత చెబితే అంతకు ఒప్పుకోవాలి, ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం రైతుభరోసా చూస్తే పట్టాదారు ఖాతాలో పడుతుంది. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. కానీ కారణం ఉపాధి పని ఎలా అవుతుంది? అది ఎక్కువగా నడిచేది పొలాల్లో పని లేని ఎండాకాలంలో. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక ఆముదాలు, జొన్నలు వేసిన చేలల్లో కూడా వరి వచ్చింది. నారు ముదరకముందే అందరికీ అవే రోజుల్లో నాట్లు పడాలి, చేతులు ఎక్కడి నుంచి వస్తాయి? బీహార్ నుంచి ముఠాలు వచ్చి నాట్లు వేస్తున్నది అందుకే.

దీని మీద లెక్క కూడా ఉంది. 2010-12 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి కూలి, పింఛన్లు స్మార్ట్ కార్డుతో ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లో పరిశీలించారు, అందులో మన నల్లగొండ ఒకటి. పథకం బాగా నడిచిన మండలాల్లో పేదల సంపాదన 14 శాతం దాకా పెరిగింది, ఆ పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం ఉపాధి డబ్బు కాదు, బయటి పనుల డబ్బే. బయటి కూలి రేటు పెరిగింది, బయటి పని తగ్గలేదు. అంటే రైతు దగ్గర ఎంతిస్తే అంతకు తలూపే రోజులు పోయాయి, అసలు మంట అదే.

సోమరి అన్న మాట దగ్గర నాకు ఓపిక ఉండదు. దసరా దాటగానే మక్తల్, కోస్గి, దామరగిద్ద, ఇటు దేవరకొండ తండాల నుంచి మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని, ఇళ్ళకు తాళాలేసి, ముసలోళ్ళను అరుగు మీద వదిలి ముంబైకి, పుణేకి పోయినవాళ్ళు ఎవరు? పాలమూరు లేబర్ అంటే దేశమంతా డ్యాములకు, రోడ్లకు పిలిచింది ఎవరిని? ఈ మెసేజ్ పంపిన మా దోస్తు వాళ్ళ నాయన ఆ గుంపుల్లోనే పోయి తట్ట మోశాడు, ఆ డబ్బుతోనే వీడు డిగ్రీ చదివాడు. వీడి కొడుకు బీటెక్ అయిపోయి నాలుగేళ్ళుగా హైదరాబాద్ అశోక్‌నగర్ రూములో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు, వాణ్ని ఎవరూ ఏమీ అనరు, నేనూ అనను. కూలివాడు జ్వరమొచ్చి రెండు రోజులు ఇంట్లో ఉంటే మాత్రం దేశం మునిగిపోతుంది.

మెసేజ్‌లోని ఆ 3.2 శాతం నిరుద్యోగం కేంద్ర ప్రభుత్వ 2023-24 శ్రామిక సర్వేది, అంకె సరైనదే. ఏడాదిలో ఎక్కువ నెలలు పని వెతుక్కుంటూ ఖాళీగా గడిపినా మొత్తమ్మీద 30 రోజులు ఏదో పని చేస్తే ఆ లెక్కలో పని ఉన్నట్టే. జీతం లేకుండా నాయన కిరాణా షాపులో కూర్చున్నా ఉన్నట్టే. అదే సర్వేలో 15 నుంచి 29 ఏళ్ళవాళ్ళలో నిరుద్యోగం 10.2 శాతం, ఆ అంకె మెసేజ్‌లో ఎందుకో జారిపోయింది. పేదవాడికి నిరుద్యోగిగా ఉండే స్తోమత లేదు, ఏదో ఒకటి చేయకపోతే పొయ్యి వెలగదు కాబట్టి చేస్తాడు.

ఆఖరిది, ఓటు తీసెయ్యడం. సరే, చేద్దాం, కానీ ఎక్కువ తిన్నవాళ్ళతో మొదలుపెడదాం. రైతుభరోసాకు ముందున్న రైతుబంధు ఎకరానికి పంటకు 5,000 ఉన్నప్పుడు ఎకరాలకు పరిమితి లేదు, ఇరవై ఎకరాల పట్టా ఉన్నవాడికి ఏడాదికి 2 లక్షలు నేరుగా ఖాతాలో పడ్డాయి, చేను దున్నాడా, పడావు పెట్టాడా, హైదరాబాద్‌లో కూర్చున్నాడా అని ఎవరూ అడగలేదు. మా బ్యాచ్ గ్రూపులో ఆ లెక్కన ఎన్ని ఓట్లు మిగులుతాయో అడ్మిన్ గారు ఒకసారి లెక్కేసి పెడితే బాగుంటుంది.