పాత్ర మనది, పారితోషికం వాళ్లది

వలస పాలన మీద బ్రిటిష్‌వాళ్లు తీసిన పాత కామెడీల ప్రస్తావన వస్తే చాలు, చర్చంతా ‘జోకు ఎవరి మీద?’ అన్న దగ్గరే ఇరుక్కుపోతుంది. 1968 నాటి ‘క్యారీ ఆన్ అప్ ది ఖైబర్’ అభిమానుల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. బయట ఫిరంగులు పేలుతున్నా, పైకప్పు పెచ్చులూడి పడుతున్నా దొరలూ దొరసానులూ ఏమీ ఎరగనట్టు విందు ఆరగిస్తుంటారు. ఎగతాళి సామ్రాజ్యం మీదే కదా అంటారు. ఒప్పుకుంటాను, అది గొప్ప సన్నివేశం. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించిన వంద ఉత్తమ బ్రిటిష్ చిత్రాల్లో ఈ సినిమాకు 99వ స్థానం ఇచ్చారు.

అయితే అందులో స్థానికుల పాత్రలు వేసిన నటీనటుల పేర్లు చదవండి. కలబార్ పాలకుడు ఖాసీ: కెన్నెత్ విలియమ్స్. బర్పా తెగ నాయకుడు బంగ్‌డిట్ దిన్: బెర్నార్డ్ బ్రెస్లా. యువరాణి జెల్హీ: ఏంజెలా డగ్లస్. ఫకీరు: కార్డ్యూ రాబిన్సన్. అందరూ ఇంగ్లండ్ తెల్లవాళ్లే. ఖైబర్ కనుమ కూడా వేల్స్‌లోని స్నోడోనియా కొండల్లో తీసిందే.

మన ఉపఖండపు నటులు అక్కడ లేక కాదు. కలకత్తాలో పుట్టిన మార్న్ మెయిట్‌లండ్ 1950ల నుంచే బ్రిటిష్ సినిమాల్లో ఉన్నాడు. జియా మొహియుద్దీన్ 1960లోనే లండన్ రంగస్థలం మీద ‘ఎ పాసేజ్ టు ఇండియా’ నాటకంలో డాక్టర్ అజీజ్‌గా పేరు తెచ్చుకున్నాడు. అదే ఏడాది ‘ది మిలియనీరెస్’ సినిమాలో భారతీయ డాక్టర్ పాత్ర మాత్రం పీటర్ సెల్లర్స్‌కు వెళ్లింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది బీబీసీ సీరియల్ ‘ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్’. 1974లో మొదలైంది, కథాస్థలం మహారాష్ట్రలోని దేవ్‌లాలీ సైనిక శిబిరం. ఢాకాలో పుట్టిన డినో షఫీక్ టీ అమ్ముతాడు, బాబర్ భట్టీ పంకా లాగుతాడు. వాళ్ల పక్కనే, అందరికంటే పెద్ద భారతీయ పాత్ర రంగీరామ్‌గా, మొహానికి రంగు పూసుకున్న మైకేల్ బేట్స్. ఆయన ఝాన్సీలో పుట్టాడని సమర్థిస్తారు. పుట్టిన ఊరే అర్హతైతే ఢాకా ఏం పాపం చేసింది? అసలు మనుషులు అదే ఫ్రేములో ఉండగా పెద్ద వేషం, పెద్ద పేరు ఇంకొకరికి ఇవ్వడాన్ని ఏ జోకూ కప్పిపుచ్చలేదు.

దీన్ని స్టూడియోల తప్పుగా మాత్రమే చూడలేం. ‘ఖైబర్’ వచ్చిన 1968లోనే, మార్చిలో, బ్రిటన్ ఆదరాబాదరాగా కొత్త వలస చట్టం తెచ్చింది. చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న కెన్యా భారతీయుల ప్రవేశ హక్కునే కోసేసింది. ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లో కన్జర్వేటివ్ ఎంపీ ఎనాక్ పావెల్ వలసదారుల మీద విషం కక్కాడు. తెర మీద భారతీయుడి వేషం ముద్దొచ్చింది, విమానాశ్రయంలో భారతీయుడు బరువయ్యాడు. రెండింటి వెనకా ఉన్నది ఒకే మనస్తత్వం.

అందుకే వీటిని అటకెక్కించడం నాకు సమ్మతం కాదు. ఆ సీరియల్‌ను బీబీసీ ఏళ్ల తరబడి తిరిగి ప్రసారం చేయడం లేదు. దాచేస్తే తప్పించుకునేది సంస్థే. 1968 చట్టం గురించి చెప్పే తరగతి గదిలోనే ‘ఖైబర్’ కూడా వేయాలి, పేర్లు చివరిదాకా కనిపించేలా వేయాలి.