ఆస్పిరిన్ చల్లితే వేరుశనగలో శ్వాస ‘లీకేజీ’ ఆగుతుందా?

అనంతపురం జిల్లా వేరుశనగ రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. మొక్క కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ‘ప్రత్యామ్నాయ శ్వాస’ అనే లీకేజీ ఉందనీ, ఆకు తయారుచేసిన చక్కెర శక్తినివ్వకుండా దానిగుండా వేడిగా పోతోందనీ, ఆస్పిరిన్ బిళ్ళలు కరిగించి పిచికారీ చేస్తే అది మూసుకుపోయి దిగుబడి పెరుగుతుందనీ దాని సారాంశం.

శక్తి గురించిన మాట సగమే నిజం. ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఎలక్ట్రాన్లను మోసే యుబిక్వినాల్ అనే అణువు నుంచి వాటిని నేరుగా ఆక్సిజన్‌కు అందించడం వల్ల ప్రోటాన్లను పొర దాటించి శక్తి తయారీకి తోడ్పడే ప్రోటీన్ సముదాయాల్లో (కాంప్లెక్సుల్లో) మూడు, నాలుగోవాటి పని తప్పిపోతుంది. అయినా, మామూలు దారిలో ఎలక్ట్రాన్లను తెచ్చిచ్చే ఒక ఎన్‌ఎడిహెచ్ అణువుకు 10 ప్రోటాన్లు పొర దాటితే, మొదటి కాంప్లెక్సు మీదుగా వచ్చి ఈ దారి పట్టినప్పుడు 4 దాటుతాయి, అంటే కొంత శక్తి దక్కుతుంది. మిగతాది వేడిగా పోయినా, తామర పువ్వు వేడెక్కినట్టు వేరుశనగ ఆకు వేడెక్కదు.

అసలు పొరపాటు ‘లీకేజీ’ అనుకోవడంలోనే ఉంది. ఇది చెరువు కట్టకు పడిన గండి కాదు, మిగులు నీరు పోయే మరువ. ఈ ఎంజైములోని రెండు భాగాలు డైసల్ఫైడ్ బంధంతో ముడిపడి ఉన్నంతసేపూ అది దాదాపు పనిచేయదు. ఆ బంధం విడిపోయి, చక్కెర విడిపోగా వచ్చే పైరువేట్ వచ్చి అతుక్కున్నప్పుడే జోరందుకుంటుంది. పైరువేట్ పేరుకునేది ప్రధాన దారి ఇరుకైనప్పుడు కాబట్టి, మిగులు ఉన్నప్పుడే ఈ దారి తెరుచుకుంటుందన్నమాట. చలి, బెట్ట వంటి ఒత్తిళ్లలో కణం ఈ ఎంజైమునే మరింతగా తయారుచేసుకుంటుంది.

మన ఎర్రనేలల్లో ఊడలు దిగే దశలో బెట్ట తగిలితే, ఆకు తన రంధ్రాలను మూసుకుని కార్బన్ డయాక్సైడ్ అందక అవస్థపడుతున్నా ఎండ మాత్రం తగ్గదు. అప్పుడు హరితరేణువుల్లో మిగిలిపోయిన క్షయకరణ శక్తి (వాడకం లేక మిగిలిన ఎలక్ట్రాన్లు) మాలేట్ అనే ఆమ్ల రూపంలో మైటోకాండ్రియాకు చేరుతుంది, దాన్ని ఖర్చు చేసే దారి లేకపోతే కణాన్ని దెబ్బతీసే, సూపరాక్సైడ్ వంటి చురుకైన ఆక్సిజన్ రూపాలు పెరుగుతాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కె.పద్మశ్రీ, ఎ.ఎస్.రాఘవేంద్ర బఠానీ ఆకు కణాల్లో ఈ దారిని రసాయనంతో అడ్డుకున్నప్పుడు కిరణజన్య సంయోగక్రియే తగ్గింది. పరిశోధనల్లో విరివిగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో ఈ ఎంజైము ప్రధాన జన్యువు లోపించిన మొక్కలు బెట్ట, తీవ్రమైన వెలుగు కలిసినప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నాయి. దిగుబడి కోసం ఈ దారిని మూయమనడం ఎంత విడ్డూరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

పోనీ, ఆస్పిరిన్ దాన్ని మూస్తుందా అంటే అదీ లేదు. ప్రయోగశాలల్లో ఈ దారిని అడ్డుకోవడానికి వాడేది సాలిసిల్‌హైడ్రాక్సమిక్ ఆమ్లం. ఆస్పిరిన్ నీటిలో విడిపోయి ఇచ్చేది సాలిసిలిక్ ఆమ్లం. 1987లో ఇల్యా రాస్కిన్ బృందం వూడూ లిల్లీ అనే మొక్క పువ్వును వేడెక్కించే సంకేతంగా గుర్తించినది దీన్నే. అది ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్‌ను తగ్గించదు, పెంచుతుంది. పైగా మోతాదు మించితే ఆకులు మాడతాయి. ఎకరాకు ఎన్ని బిళ్ళలో, ఎన్ని లీటర్ల నీటిలోనో ఆ సందేశం చెప్పనే లేదు.