గోడవైపు తిరిగి పడుకున్నారంటే
చివరి రోజుల్లో మనిషి మాట తగ్గించి గోడవైపు తిరిగి పడుకుంటే అది ఇంట్లోవాళ్ల మీద అలక కాదని నేను చదివిన ఒక వ్యాసంలో రాసింది నిజమేనండి. అందులోనే ఆ మనిషిని ‘అలా వదిలేయండి’ అన్న దగ్గరే నాకు పేచీ. వారాల తరబడి మెల్లగా తగ్గితే సరే, చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి పుస్తకం రాసిన మనోవైద్యురాలు క్యూబ్లర్-రాస్ 1969లోనే దీన్ని వెళ్లిపోవడానికి సిద్ధపడే దిగులుగా విడదీసి చెప్పింది. నిన్నటిదాకా మాట్లాడిన మనిషి ఒక్కరోజులో మూగబోతే మాత్రం నొప్పి, మూత్రం బిగియడం, నొప్పి తగ్గడానికిచ్చే మార్ఫిన్ మందు వల్ల మలబద్ధకం, జ్వరం ఉన్నాయేమో చూసి నర్సుకి ఫోన్ చెయ్యాలి. మన కోనసీమ ఇళ్లలో ఇంకో గొడవ: వచ్చిన చుట్టాలంతా మంచం మీదకి వంగి ‘నేనెవర్ని, చెప్పుకో’ అంటారు. రోగికి పరీక్షలేంటండీ! ‘పెదనాన్నా, రాజోలు నుంచి చిన్నోణ్ణి వచ్చాను’ అని మనమే చెప్పి, చెయ్యి పట్టుకుని పది నిమిషాలు కూర్చుని లేవాలి. ఒక్కసారికి ఇద్దరు చాలు. తినట్లేదని కొబ్బరినీళ్లు గొంతులో పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడి దూదితో పెదాలు, నాలుక తుడవండి, అంతే. పలక్కపోయినా చెవులు పనిచేస్తూ ఉండొచ్చు, పొలం పంపకాల మాటలు వీధి అరుగు మీద పెట్టుకోండి.