తరగతి గదిలో తెర ఎవరి చేతిలో ఉండాలి?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో నాడు-నేడు అనే బడుల మరమ్మతు పథకం పనులతో పాటు ఐఎఫ్‌పీలు, అంటే వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరలు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు వీడియో పాఠాలు నింపిన ట్యాబ్‌లు అందాయి. తెలంగాణలో టీ-శాట్ అనే ప్రభుత్వ విద్యా ఛానెల్ ద్వారా పాఠాలు ప్రసారమవుతున్నాయి. పరికరం చేరితే చాలు, చదువు మీద ఆసక్తి దానంతట అదే పెరుగుతుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. కానీ వీడియో నడుస్తున్నంతసేపూ తరగతి నిశ్శబ్దంగా ఉంటే దాన్ని శ్రద్ధ అనుకుని మనం మోసపోతున్నాం. పాఠం అయ్యాక ఒక్క ప్రశ్న అడిగితే ఆ నిశ్శబ్దంలో ఎంత భాగం శ్రద్ధో, ఎంత భాగం చూస్తూ కూర్చోవడమో తేలిపోతుంది.

పదో తరగతి విద్యుత్ పాఠాన్నే తీసుకుందాం. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ (PhET) అనే, తెర మీద ప్రయోగాలు చేయించే ప్రాజెక్టులో, బ్యాటరీలు, బల్బులు, తీగలు కలిపి సర్క్యూట్ కట్టుకునే ఉచిత సాధనం ఉంది. తెర మీద రెండు బల్బులను శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపాక ఉపాధ్యాయుడు అక్కడే ఆగి, "ఒక బల్బు తీసేస్తే రెండోది ఏమవుతుంది?" అని అడగాలి. "వెలుగుతూనే ఉంటుంది సార్, మా ఇంట్లో ఒక లైటు తీసేసినా మిగతావి వెలుగుతాయి కదా" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ పిల్లనే తెర దగ్గరికి పిలిచి, ఆమె వేలితోనే బల్బును పక్కకు లాగించాలి. రెండోదీ ఆరిపోతుంది. మరి ఇంట్లో ఎందుకు ఆరదు? వినాయక చవితి పందిరికి కట్టే పాత సీరియల్ లైట్లలో ఒక్క బల్బు పోతే వరుసంతా ఎందుకు చీకటవుతుంది? ప్రతి బల్బుకూ కరెంటుకు విడి దారి ఉండే సమాంతర సంధానం అనే మాట అప్పుడు చెబితే, అది పిల్లలు తామే అడిగిన ప్రశ్నకు జవాబవుతుంది. ఇదే పాఠాన్ని పది నిమిషాల వీడియోగా చూపిస్తే సమాచారమంతా అందుతుంది గానీ, తన అంచనా తప్పిందన్న ఆశ్చర్యం మాత్రం ఎవరికీ దక్కదు.

చెయ్యెత్తని పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. ప్లికర్స్ పద్ధతిలో ప్రతి విద్యార్థికీ ఒక కాగితం కార్డు ఇస్తారు. తనకు తోచిన జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే, ఉపాధ్యాయుడి ఫోన్ కెమెరా గది మొత్తాన్నీ చదివేస్తుంది. కార్డు కార్డుకీ గుర్తు వేరు కాబట్టి పక్కవాడిని చూసి రాయడం కుదరదు, తప్పు చెబితే నవ్వుతారన్న భయమూ ఉండదు. దీనికి కావలసినది ఒకే ఒక్క ఫోన్.

2015లో ఢిల్లీలో బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద జరిగిన అధ్యయనం కూడా ఇటే చూపిస్తుంది. దాదాపు నాలుగున్నర నెలల్లోనే గణితం, హిందీ రెండింటిలోనూ పిల్లల ఫలితాలు చెప్పుకోదగినంత మెరుగుపడ్డాయి. ఆ సాఫ్ట్‌వేర్ పిల్ల ఏ తరగతిలో ఉందో చూడదు, నిజంగా ఎంతవరకు వచ్చో చూసి అక్కడి నుంచి ప్రశ్నలు ఇస్తుంది. పైగా అక్కడ సగం సమయం చిన్న బృందాలకు మనుషులే బోధించారు. ఈ రెండో సంగతిని మన ప్రణాళికలు తేలిగ్గా మరిచిపోతాయి.

మన ఉపాధ్యాయుల ఫోన్లకు ఇప్పుడు హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు యాప్‌లలో ఎక్కించడమే పెద్ద పని. ఆ భారం తగ్గించకుండా వినూత్నంగా బోధించమనడం న్యాయం కాదు. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదివే సమయాన్ని కుదించి, ఒక ఉపాధ్యాయుడు తన తరగతిలో పండిన ఒక్క పాఠాన్ని తెర మీద తోటివారితో చేయించి చూపే అవకాశం ఇవ్వాలి. ఏ ప్రశ్న దగ్గర ఆగాలో, ఏ పిల్లను ముందుకు పిలవాలో ఏ కంపెనీ శిక్షణలోనూ ఉండదు. పక్క ఊరి బడిలో అదే పాఠం చెప్పిన టీచరుకు అది తెలుసు.