34 పక్కన కూర్చున్న సున్నా గారికి

మహారాజశ్రీ సున్నా గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనా అని వేరే అడగక్కర్లేదు. తమరి క్షేమం కోసమే ఒక మనిషి ఏడేళ్లపాటు చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని బతికాడు.

ఆ మనిషి స్వెన్ ఒట్కె. బెర్లిన్‌లో పుట్టిన జర్మన్ బాక్సర్. సూపర్ మిడిల్‌వెయిట్‌లో, అంటే 76 కిలోల చిల్లర తూగేవాళ్ల తరగతిలో, 1998 నుంచి 2004 దాకా ఐబీఎఫ్ అనే ప్రపంచ బాక్సింగ్ సంస్థ చాంపియన్. బెల్టు చేతికొచ్చాక 21 సార్లు దాన్ని కాపాడుకున్నాడు. మొత్తం 34 పోటీలు, 34 గెలుపులు, ఆ పక్కన ఓటముల గడిలో తమరు. కొట్టబోతే అక్కడ ఉండడని జర్మన్లు ఆయనకి ‘ఫాంటమ్’ అని పేరు పెట్టుకున్నారు. ఆయన గ్లవ్స్ విప్పేసి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన గొప్పవాడా, అదృష్టవంతుడా అన్న తగువు మాత్రం తెగలేదు. విచిత్రమేమిటంటే ఆ తగువులో వాదికీ ప్రతివాదికీ సాక్షి తమరొక్కరే.

ఒక పక్షం వారు తమరిని చూపించి, ‘ఇంకేం కావాలి?’ అంటారు. రెండో పక్షం వారు కూడా తమరినే చూపించి, ‘ఇది జర్మనీలో తయారైన సున్నా, బయట చెల్లదు’ అంటారు. మొదటివారు తమరి భక్తులని అందరికీ తెలుసు. రెండోవారు అంతకంటే వీరభక్తులు. అసలు సిసలు సున్నా ఇంకెక్కడో ఉందనీ, దాని ముందు ఇది నకిలీదనీ వాళ్ల గట్టి నమ్మకం. మధ్యలో ఆ మనిషి రింగులో ఏం చేశాడో చూసే తీరిక ఎవరికీ లేదు.

ఏం చేశాడంటే, పాము చావకుండా కర్ర విరగకుండా చేశాడు. చేతులు ముఖానికి అడ్డంగా ఎత్తిపెట్టి, కాళ్ల మీద తేలుతూ వచ్చి, టప్పున ఒక జాబ్, అంటే ముందుచేత్తో చిన్న గుద్దు, తగిలించి, ఎదుటివాడు బదులిచ్చేలోపు పక్కకి జారుకునేవాడు. జారుకోవడం కుదరకపోతే వాటేసుకునేవాడు. రిఫరీ విడదీసేవాడు. మళ్లీ టప్పు. ఇలా పన్నెండు రౌండ్లు. 34 గెలుపుల్లో నాకౌట్లు ఆరే. అన్నట్టు, ఆయన నేర్చిన చేతివృత్తి గోడలకి గచ్చు పూత పూయడం. పగులు కనపడకుండా పని ముగించడం అక్కడే అలవడిందేమో.

ఇలాంటి ఆటకి మార్కులు వేయడం జడ్జీల ప్రాణం మీదికి వస్తుంది. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి సాధారణంగా 9. తగిలిన గుద్దుని లెక్కపెట్టొచ్చు. తగలకుండా పోయిన గుద్దుని ఎవరి ఖాతాలో రాయాలి? తప్పించుకోవడమూ విద్యే, దానికీ విలువ ఇవ్వాలని నియమం. కానీ జరగనిదాన్ని చూసి మెచ్చుకోవడానికి చాలా పెద్ద మనసుండాలి. సరిగ్గా ఆ సందులోనే, ఒట్కె భుజం కదిలినప్పుడల్లా హాలు హాలంతా హోరెత్తుతుంటే, పక్కన కూర్చున్న జడ్జికీ చెవులుంటాయి కదా. ఎవరో ఎవరికో డబ్బులిచ్చారని నేననను. హోరుకి డబ్బులక్కర్లేదు.

తమరు ఆయన దగ్గరికి చేరింది 1997లో, ఆయనకి 29 ఏళ్లు నిండాక. అంతకుముందు అమెచ్యూర్‌గా ఎన్నోసార్లు ఓడాడు. సియోల్, బార్సిలోనా, అట్లాంటా: మూడు ఒలింపిక్స్, పతకం లేదు. 1991లోనూ 1996లోనూ యూరప్ చాంపియన్ అయ్యాడు. అప్పుడు తమరు పక్కన లేరు, ఆయన ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్లి ఆడాడు. సియోల్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్‌ని జడ్జీలు ఓడించిన తీరుకి లోకమంతా నోరు నొక్కుకున్నాక, బార్సిలోనాకి మీటల యంత్రం వచ్చింది. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకనులో మీట నొక్కితేనే గుద్దుకి లెక్క. గట్టిగా తగిలిందా మెత్తగా తగిలిందా యంత్రానికి అనవసరం. ఒట్కె ఆ బడిలో పై తరగతులు చదివి, బాగా చదివి, ఎముకలు విరిస్తే తప్ప చప్పట్లు కొట్టని ప్రొఫెషనల్ లోకంలోకి వచ్చాడు. సిలబస్ మారింది, విద్యార్థి మారలేదు.

పదమూడో పోటీలోనే బెల్టు. 1998 అక్టోబరులో డ్యూసెల్‌డార్ఫ్‌లో అప్పటి చాంపియన్ చార్ల్స్ బ్రూవర్ మీద స్ప్లిట్ డెసిషన్, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఇటు, ఒకరు అటు. 2003లో బెర్లిన్‌లో బైరన్ మిచెల్ నుంచి డబ్ల్యూబీఏ అనే ఇంకో సంస్థ బెల్టు గెలిచింది కూడా అలాగే. ఆ బెల్టు పోటీల్లో ఒక్కటీ జర్మనీ దాటలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన ఇల్లు పెద్దది, మాగ్దెబుర్గ్ నుంచి న్యూరెంబర్గ్ దాకా గదులున్నాయి, రచ్చకి వెళ్లే పని పడలేదు.

ఇక న్యూరెంబర్గ్ సంగతి. తమరు చెవులు మూసుకున్నా సరే చెప్పక తప్పదు. 2003 డిసెంబరు 13. ఎదుట ఇంగ్లండ్‌కి చెందిన రాబిన్ రీడ్. ఆ రాత్రి ఒట్కె కింద పడ్డాడు. రిఫరీ దాన్ని జారిపడటమన్నాడు. రీడ్ కొట్టిన మంచి గుద్దులకి హెచ్చరికలు వచ్చాయి. చివర్లో ముగ్గురు జడ్జీలూ ఒట్కె చెయ్యే ఎత్తించారు. రీడ్ ముఖంలో నిస్పృహ చూసినవాళ్లు ఇవాళ్టికీ ఆ పోటీ పేరెత్తితే గొంతు పెంచుతారు. నేనూ ఆ పక్షమే. ఆ రాత్రి తమరు న్యాయంగా వెళ్లిపోవలసింది. రిఫరీ గారు వెళ్లనివ్వలేదు.

‘జర్మనీలో జర్మన్ ఓడడు’ అని సిద్ధాంతం కట్టేవాళ్లకి మాత్రం ఒక మాట గుర్తుచేయాలి. దాదాపు రెండు నెలల ముందు, అదే ఏడాది అక్టోబరులో, హాంబర్గ్‌లో దారియుష్ మిహల్‌చెవ్‌స్కీ అనే చాంపియన్ ఓడిపోయాడు. పోలండ్‌లో పుట్టి జర్మనీకి వచ్చినవాడు. అప్పటికి 48 గెలుపులు, పక్కన తమరి తోబుట్టువు. ఇంకొక్కటి గెలిస్తే, ఓటమి లేకుండా రిటైరైన అమెరికా హెవీవెయిట్ రాకీ మార్సియానో 49తో సమానం. సొంత ఊరు, సొంత జనం, స్ప్లిట్ డెసిషన్. అయినా జడ్జీలు మెక్సికోకి చెందిన హులియో గొన్సాలెస్‌నే గెలిపించారు. కాబట్టి హోరు ప్రతిసారీ గెలిపించదు. ఎప్పుడు గెలిపిస్తుందో, ఎప్పుడు గెలిపించదో తమరికి తప్ప ఎవరికీ తెలియదు.

తమరి మీద నా అసలు ఫిర్యాదు ఇంకా ఉంది. తమరు ఒట్కెకి మేలు చేశారనుకుంటున్నారు. చేయలేదు. ఆయన ఓడించినవాళ్ల పేర్లు తమరి నీడలో పడి కనపడకుండా పోయాయి. 1999లో గ్లెన్ జాన్సన్‌ని పాయింట్ల మీద ఓడించాడు. ఆ జాన్సన్ ఎవరు? 2004లో రాయ్ జోన్స్‌ని స్పృహ తప్పేలా కొట్టినవాడు, అదే ఏడాది ఇంకో అమెరికా మేటి ఆంటోనియో టార్వర్‌ని ఓడించినవాడు. అమెరికా బాక్సింగ్ రచయితలు ఆ ఏటి మేటి బాక్సర్ అని బిరుదిచ్చారు. తన సున్నాని 1997లోనే అమెరికా చాంపియన్ బెర్నార్డ్ హాప్కిన్స్‌కి అప్పగించేసి, ఆ తర్వాత ఎవరు పిలిస్తే వాళ్ల ఊరికి వెళ్లి కొట్లాడాడు. ఓటముల గడి నిండిపోయింది. అయినా జాన్సన్ పేరు చెబితే బాక్సింగ్ అభిమాని లేచి నిలబడతాడు. అతన్ని ఓడించిన ఒట్కె పేరు చెబితే, ‘ఆ, జర్మనీలో కదా’ అని కూర్చుంటాడు.

ఆంథనీ మండైన్ సంగతీ అంతే. ఆస్ట్రేలియా రగ్బీ స్టారు, నోటికి అడ్డూ ఆపూ లేనివాడు. 2001లో డార్ట్‌మండ్‌లో పదో రౌండులో ఒట్కె ఒక్క కుడిచేతి దెబ్బ వేశాడు. మండైన్ పడిపోయాడు, లెక్క పూర్తయినా లేవలేదు. చేతిలో బలం లేదని పేరుపడ్డ మనిషి కొట్టిన దెబ్బ అది! ఆ దెబ్బ గురించి మాట్లాడాల్సిన జనం తమరి గురించి మాట్లాడుతున్నారు.

తమరితోనే వేరేలా కాపురం చేసినవాడు ఒకడున్నాడు. వేల్స్‌కి చెందిన జో కాల్‌జాఘీ, 46-0. అదే బరువు, అదే కాలం, డబ్ల్యూబీఓ అనే మరో సంస్థ చాంపియన్. ఐదేళ్లకి పైగా ఇద్దరూ ఒకే తరగతిలో చాంపియన్లు, ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఎదురుపడితే రెండు సున్నాల్లో ఒకటి చావాలి, అందుకని. కాల్‌జాఘీ కూడా చాలాకాలం ఇంటి చుట్టుపక్కలే తిరిగాడు. ఒట్కె వెళ్లిపోయాక, ఆయన వదిలేసిన ఐబీఎఫ్ బెల్టు పట్టుకున్న జెఫ్ లేసీని 2006లో మాంచెస్టర్‌లో ఉతికి ఆరేశాడు. 2008లో లాస్ వేగస్ వెళ్లి హాప్కిన్స్‌తో, న్యూయార్క్ వెళ్లి రాయ్ జోన్స్‌తో తలపడ్డాడు. రెండుచోట్లా మొదటి రౌండులోనే కింద పడ్డాడు. లేచాడు, గెలిచాడు. ఆ పడటాలు చూశాకే ఆయన సున్నా మీద జనానికి గురి కుదిరింది. ఒట్కె మాత్రం కొత్త సోఫాకి ప్లాస్టిక్ కవరు తీయని ఇంటాయనలా, తమరి మీద ఒక్క మరకా పడకుండా చూసుకుని, 2004 మార్చిలో మాగ్దెబుర్గ్‌లో ఆఖరి పోటీ గెలిచి, 36 ఏళ్ల వయసులో చాంపియన్‌గానే ఇంటికి వెళ్లిపోయాడు.

అయ్యా, ఆయన న్యూరెంబర్గ్‌లో ఓడి ఉంటే 33-1 అయ్యేది. అప్పుడు అందరూ, ‘పాపం, ఒక్క ఓటమి, ఎంత తెలివైన బాక్సర్!’ అనేవారు. డిఫెన్స్ నేర్చుకునే పిల్లలకి ఆయన పాదాల కదలిక చూపించేవారు. బ్రూవర్, జాన్సన్, మిచెల్, మండైన్ పేర్లు వరసగా చదివేవారు. తమరొక్కరు ఉండబట్టి ఆయనకి ఇవేవీ దక్కలేదు.

కాబట్టి నా వినతి ఒక్కటే. తమరు మర్యాదగా 34 పక్క నుంచి లేచి, తమరి స్థానంలో ఒకటిని కూర్చోబెట్టి, ఆ 34ని 33 చేయించి వెళ్లగలరు. కాగితాలు ఎక్కడ దాఖలు చేయాలో తెలియజేస్తే మిగతాది మేం చూసుకుంటాం. సంతకం పెట్టడానికి రీడ్ గారు ఎక్కడికైనా వస్తారు. ఒట్కె గారి సంతకం కూడా కావాలంటే మాత్రం ఆఫీసు జర్మనీలోనే పెట్టించండి.

ఇట్లు,
తమరిని ఎన్నడూ కలిగి ఉండని ఒక అభిమాని